జాలికి కూడ రుజువు కావలెనా?



మన సంఘములోని ఒక చిన్నది నర్సు శిక్షణలో ఉన్నది. సెలవులకు వచ్చినప్పుడు ఆమె నన్నిట్లు అడిగెను: “అయ్యగారూ, ఏ పని చేసినను దానికి రుజువేమిటో తెలిసికొని చేయుమని మాకు నేర్పుచున్నారు. రోగిమీద జాలితో చేయు పనికి కూడ రుజువు కావలెనా?”

ఆ ప్రశ్న నన్ను కొన్నాళ్లు విడువలేదు. అమెరికాలో జరిగిన ఒక సంగతి దానికి సరిపడును.

నెలలు నిండక పుట్టిన శిశువులను గాజుపెట్టెలలో ఉంచి ఆక్సిజన్ విస్తారముగా ఇచ్చుట 1940వ దశకములో మంచి ఆస్పత్రుల వాడుక. ఊపిరాడని బిడ్డకు గాలి ఇచ్చుటకంటె దయగల పని ఏమున్నది? అయితే అట్టి బిడ్డల కండ్లలో పొర ఏర్పడి చూపు పోవుచున్నదని 1942లో బోస్టన్ కంటివైద్యుడు థియడోర్ టెర్రీ వ్రాసెను. మరి పండ్రెండేండ్లలో లోకమంతట సుమారు 10,000 మంది శిశువులు గ్రుడ్డివారైరి.

వాషింగ్టన్‌లో ఆర్నల్ పాట్జ్ అను వైద్యుడు ఆక్సిజనునే అనుమానించి, 1950వ దశకారంభమున కొందరు శిశువులకు విస్తారముగాను, కొందరికి అవసరమైనంత మట్టుకును ఇచ్చి చూచెను. అక్కడి పెద్ద నర్సులలో కొందరికి ఇది ఘోరముగా తోచెను. బిడ్డలు చచ్చిపోవుదురను భయముతో, తక్కువ ఇచ్చుచున్న బిడ్డలకు వారు రాత్రివేళ రహస్యముగా ఆక్సిజన్ మర త్రిప్పిరి.

నేను వారిని నిందింపలేను. నేనున్నను త్రిప్పియుందునేమో! వారి జాలి నిజమైనదే. ఆ జాలిచేతనే బిడ్డ కన్ను పోగలదు. 1953లో 18 ఆస్పత్రులు కలిసి పరీక్ష మొదలుపెట్టగా, అధిక ఆక్సిజనే కారణమని 1954లో రూఢియాయెను.

తరువాత మరియొక తప్పు జరిగెను. ఆక్సిజనును మరీ బిగబట్టగా ఊపిరి చాలక కొందరు శిశువులు చనిపోయిరి. రుజువు దొరికెనని దానినే విగ్రహముగా నిలుపుకొన్నను ఆపదయే. ఎంత ఇవ్వవలెనో నేటికిని బిడ్డబిడ్డకు కొలిచి చూచుచునే యున్నారు.

ఫిలిప్పీ సంఘముకొరకు పౌలు చేసిన ప్రార్థన చూడుడి (1:9). ప్రేమ పెరిగిన చాలునని ఆయన అనలేదు. ఎరుకను వెంటబెట్టుకొని పెరుగవలెనని కోరెను.

“అమ్మా, నీకు అన్యాయమని తోచినది పగటివేళ డాక్టరుగారి యెదుటనే అడుగుము, రాత్రి మర త్రిప్పవద్దు” అని ఆ చిన్నదానితో అంటిని.

“అడిగితే వారు కోపపడినచో?” అనెను.

ఆ మాట న్యాయమైనదే. కారణము చెప్పక ఆజ్ఞ మాత్రమే ఇచ్చు చోట, జాలిగల నర్సు చీకటిలోనే మర త్రిప్పును. నేర్పువారును అడుగనియ్యవలెను గదా. ఆమె తిరిగి పనికి వెళ్లినది. ఆమెకొరకును, ఆమెకు నేర్పువారికొరకును ప్రార్థించుడి.