వెనకబడినవాడి పక్కన

మహారాష్ట్రలోని చంద్రపూర్ దగ్గర, బొగ్గుగనుల సీమలో, 2019లో ఒక సైనిక్ స్కూల్ మొదలైంది. గనుల పనికి వెళ్లిన మన తెలుగువాళ్లు స్థిరపడ్డ ప్రాంతమే అది. ఇలాంటి బడుల్లో పిల్లలు హౌస్‌లనే జట్లుగా ఉంటారు. హౌస్‌కి ఒక కెప్టెన్.

ఊహించుకోండి. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లాడు. బూటు లేసు కట్టుకోవడం రాదు. పీటీ విజిల్ మోగేసింది. కెప్టెన్ మోకాలి మీద కూర్చుని ముడి వేయడం నేర్పుతాడు. ఇద్దరూ ఆలస్యంగానే మైదానం చేరతారు. గెలిచిన కప్పులకన్నా నాకా ఆలస్యమే ముద్దు!

జోడెడ్లలో ఒకటే ఉరికితే బండి సాగదు కదా. కెప్టెనూ అంతే. వెనకబడినవాడి పక్కన నడవాలి. అవును, పక్కనే.

ఏడాది తిరిగేసరికి బ్యాడ్జీ ఇంకొకడి చొక్కాకెక్కుతుంది. చిన్నవాళ్లు మాత్రం పాత కెప్టెన్ని 'దాదా' అని, అంటే మరాఠీలో అన్నా అని, పిలవడం మానరు.