తెల్లావు, నల్లరాయి, ఎర్ర టమోటా

కెమెరాలోని మీటరుకు తెలిసిన రంగు ఒక్కటే, బూడిద. ఎదురుగా ఏమున్నా సరే, అది పడిన వెలుగులో ఓ 18 శాతాన్ని తిప్పిపంపే మధ్యరకం వస్తువే అనుకుని లెక్క కడుతుంది. ఎంత అమాయకత్వం! కొత్తగా ఫొటోలు నేర్చుకునేవాళ్లకు ఆ అమాయకత్వాన్ని పట్టిచ్చే చోట్లు వేరే ఉంటాయేమో గానీ, నా ఓటు మాత్రం పుంగనూరు, కుప్పం, మదనపల్లెలకే.

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. నిలబడి తీస్తే వీపు తప్ప ఏమీ రాదు, మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. ఫ్రేము నిండా తెల్లావు నిలిచిందా, ఇంత వెలుగేమిటని మీటరు బెదిరి షట్టరును తొందరపెడుతుంది. ఆవు మాసిన పంచెలా వస్తుంది. ప్లస్ ఒకటి, అవసరమైతే ఒకటిన్నర స్టాపు ఇచ్చి చూడండి (ఒక స్టాపు పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం). చెవి అంచున ఒక్కో వెంట్రుకా వెలుగుతుంది. గంగడోలు మడతల్లో ఆకాశం నుంచి దిగిన లేత నీలం నీడలు కనిపిస్తాయి. తెలుపులో ఇన్ని తెలుపులా!

ఆవును కొట్టంలోకి తోలితే ఇంకో వింత. బల్బుకు బారెడు దూరంలో ఉన్నదాన్ని రెండు బారలకు జరిపితే దాని మీద పడే వెలుగు సగం కాదు, పావు. పోయిన ఆ రెండు స్టాపులను అపర్చర్ తెరిచి రాబట్టొచ్చు, షట్టరు నిదానించి రాబట్టొచ్చు, ఐఎస్ఓ పెంచీ సర్దుకోవచ్చు. ఆవు తోక ఊపుతుంటే మాత్రం షట్టరు జోలికి పోకండి.

కుప్పంలో కథ తిరగబడుతుంది. ‘కుప్పం గ్రీన్’ గ్రానైటు నల్లదనానికి దగ్గరైన పచ్చ. మీటరు దాన్ని చూసి చీకటనుకుని వెలుగు కుమ్మరిస్తుంది, రాయి వెలవెలబోతుంది. ఒక స్టాపు తగ్గిస్తే రాయి మళ్లీ రాయవుతుంది. పాలిష్ పలకకు ఎదురుగా నిలబడితే మన ముఖమే కనిపిస్తుంది, ఓ అడుగు పక్కకు జరగాలి. పాలిష్ పట్టని దిమ్మెకైతే ఏటవాలు ఎండ చాలు, ప్రతి పలుకూ తన నీడతో సహా లేచి నిలుస్తుంది.

1919లో టాగోర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆయన్ను ఫొటో తీసేవాళ్లకు ఇలాంటి మీటరు సాయం లేదు, ఫొటో ఎలక్ట్రిక్ మీటర్లు 1930లలో గానీ రాలేదు. అప్పటి ఫొటోగ్రాఫర్లు ఆకాశాన్ని చూసి, అచ్చు పట్టికలు తిరగేసి ఎక్స్‌పోజర్ కట్టేవారు. ఆ విద్య ఇప్పటికీ పనిచేస్తుంది: మబ్బులేని ఎండలో అపర్చర్ ఎఫ్/16, ఐఎస్ఓ 100 అయితే షట్టరు సెకనులో 100వ వంతు. సూర్యుడు ఎంత నమ్మకస్తుడో!

అదే ఎండ మదనపల్లె టమోటా మండీలో పడితే మీటరుకు అనుమానమే రాదు. సగటు బాగానే ఉంది కదా! కానీ ఎరుపు ఒక్కటే పొంగిపోయి, హిస్టోగ్రామ్‌లో కుడి అంచుకు గుద్దుకుంటుంది. పండ్లన్నీ కలిసి ఎర్రటి ముద్దవుతాయి. ముప్పావు స్టాపు కిందికి దింపండి. తొడిమ పచ్చదనం, ఇంకా పండని భుజాల పసుపు, తడి మీద మెరుపు చుక్క, పక్క పండు పడేసిన ఎర్రటి నీడ, అన్నీ విడివడతాయి. ఏ బాక్సు ఏ గ్రేడో మండీ వ్యాపారి ఫొటో చూసే చెప్పేయొచ్చు.