ఖాళీయే కదా!

నాకు తెలిసినంతవరకూ మేగజైన్ అంటే వారం వారం గుమ్మంలో పడేది, ముందు సీరియల్ చదువుకుని తర్వాత వంటల పేజీ తిరగేసేది. అందుకే ఆమధ్య వేసవిలో అమెరికా వెళ్ళి, టెక్సాస్‌లో మా తమ్ముడింట్లో దిగిన రెండోరోజున వాడు "మేగజైన్ తీసేశానక్కా, భయపడకు" అంటే, "నేనింకా చదవందే ఎందుకు తీశావురా?" అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. తలెత్తి చూస్తే వాడి చేతిలో పిస్తోలు! తూటాలు పేర్చే డబ్బీని కూడా మేగజైన్ అనే అంటారట.

చెప్పొద్దూ, నా గుండె ఆగినంత పనైంది. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగిస్తే నా పరికిణీ వెనక దాక్కున్న పిల్లవాడు! వాడికీ పిస్తోలుకీ ఏమిటి సంబంధం?

ఉందిట. మా నాన్నగారికి ఆగిపోయిన గోడగడియారాల పిచ్చి ఉండేది. విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ బిగించి, అది టిక్కుమంటే పిల్లాడు పుట్టినంత సంబరపడేవారు. ఆ పిచ్చే వీడికి ఇలా సంక్రమించింది. మన దేశంలో అయితే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ముట్టుకోకూడదు. వీడు ఆ దేశపు పౌరుడు. దుకాణంలో ఫారం నింపాడు, నేరచరిత్ర ఏమీ లేదని వాళ్ళు రికార్డుల్లో చూసుకున్నారు, డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

దాన్ని 1911 మోడల్ అంటారు. జాన్ బ్రౌనింగ్ అనే ఆయన రూపొందిస్తే, అమెరికా సైన్యం ఆ ఏడే స్వీకరించి 1985 దాకా వాడింది. మావాడిది రెండో ప్రపంచ యుద్ధం నాటిది, 1943లో తయారైంది. చేసిందెవరో చెబితే నమ్మరు. టైపు మిషన్ల రెమింగ్టన్ రాండ్ కంపెనీ! యుద్ధకాలంలో ఆ కంపెనీ సుమారు తొమ్మిది లక్షల పిస్తోళ్ళు చేసి ఇచ్చిందట. మన ఇళ్ళల్లో జాకెట్లు కుట్టిపెట్టిన సింగర్ మిషన్ కంపెనీ కూడా ఓ 500 చేసిందిట. అవి ఇప్పుడు దొరకడమే అపురూపమనీ, దొరికినా మనబోటివాళ్ళు కొనగలిగే ధర కాదనీ చెప్పాడు. అక్షరాలు కొట్టేవాళ్ళూ, బట్టలు కుట్టేవాళ్ళూ కలిసి చేసిన పని ఇదా అనుకున్నాను.

పాత పిస్తోలు కొనడం పాత పట్టుచీర బేరమాడటంలాంటిదే సుమండీ! గొట్టంలోకి దీపం వేసి చూడాలిట. ఆ రోజుల్లో తూటాల మందు పేలాక గొట్టంలో ఉప్పులాంటిది మిగిలేది. కడగకుండా వదిలేస్తే అది చెమ్మ పీల్చి ఇనుముని తినేసేది. గుంటలు పడ్డాయేమో చూసుకోవాలి. సైన్యం వర్క్‌షాపుల్లో నాలుగు పిస్తోళ్ళ భాగాలు కలిపి ఒకటి బిగించేవారు కనక, ఏ ముక్క ఏ కంపెనీదో ముద్రలు చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మాసిపోయింది గదా అని కొత్తగా పూత వేయించకూడదు. వేయిస్తే విలువ సగానికి పడిపోవచ్చునట. అమ్మమ్మ పట్టుచీరకి రంగు అద్దించినట్టే!

ఆదివారం పూట ఆ పిస్తోలుకి తలంటు. బల్లమీద పాత తువ్వాలు పరిచి, ముక్కలు విడదీసి, గొట్టంలోకి ఇత్తడి బ్రష్షు పోనిచ్చి, మసి తుడిచి, ఒక్కొక్క చుక్క నూనె వేస్తాడు. ఓసారి విప్పుతుండగా లోపలి స్ప్రింగు విసురుకి ముందున్న చిన్న బిరడా ఎగిరి సరాసరి దేవుడి మందిరంలో పడింది. మా మరదలు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

కానీ వీటన్నిటికన్నా ముందు వాడు తప్పకుండా చేసే పని ఒకటుంది. మేగజైన్ ఊడదీశాక పైభాగాన్ని వెనక్కి లాగి, గొట్టం మొదట్లోకి తొంగిచూస్తాడు. చాలక చిటికెనవేలు పెట్టి తడుముతాడు.

"ఖాళీయే కదరా, నువ్వే కదా పెట్టావు?" అన్నాను.

"ఇది సెమీ ఆటోమేటిక్ అక్కా. ఒకటి పేలగానే ఆ జోరుకి పైభాగం వెనక్కి జారి, ఖాళీ తొడుగుని బయటికి విసిరేసి, ముందుకొస్తూ ఇంకో తూటాని తనే లోపలికి తోసుకుంటుంది. అందుకని మేగజైన్ తీసేసినా ఒకటి లోపలే ఉండిపోవచ్చు. ఖాళీ పిస్తోలే అనుకున్నవాళ్ళ చేతుల్లోనే ప్రమాదాలు జరుగుతాయి. నా జ్ఞాపకాన్ని నేను నమ్మకూడదు. ప్రతిసారీ చూడాల్సిందే" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. పిస్తోలు మాత్రం నచ్చలేదు. "1948 జనవరి 30న బాపూజీని పొట్టనపెట్టుకున్నది కూడా ఇలాంటి సెమీ ఆటోమేటిక్ పిస్తోలేరా. దీన్ని ఒళ్ళో పెట్టుకుని పాపాయిలా నూనె రాస్తావేమిటి?" అన్నాను.

"తప్పు ఇనుముదా, మనిషిదా? మనింట్లో కత్తిపీట లేదూ?" అన్నాడు.

"కత్తిపీట వంకాయలు తరగడానికి పుట్టింది. వేలు తెగితే అది పొరపాటు. ఇది పుట్టిందే దానికి కదా! పోనీ, దీన్ని ఎప్పుడూ వాడనంటావు. మరి పనిచేసే స్థితిలో ఎందుకు ఉంచడం?"

"పనిచెయ్యకపోతే అది పిస్తోలెందుకవుతుందక్కా, ఇనపముక్క అవుతుంది. నాన్నగారు ఆగిపోయిన గడియారాన్ని గోడకి తగిలించి ఊరుకున్నారా?"

నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు. ఒక వస్తువు పనితనాన్ని ప్రేమిస్తూ, అది చేసే పనిని అసహ్యించుకోవడం సాధ్యమేనా? మీకేమన్నా తోస్తే చెప్పండి.

నా సంగతికేం గానీ, ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ మా మరదలు నెమ్మదిగా అంది. "వదినా, మీ తమ్ముడు దాన్ని ఇనపపెట్టెలో పెట్టి తాళం వేస్తారు. కాదనను. కానీ ఆ తాళం నంబరు పిల్లాడి పుట్టినరోజు."

నా చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది.

మా మేనల్లుడికి పదిహేడేళ్ళు. అంతకుముందు నేను వెళ్ళినప్పుడు "అత్తా, అత్తా" అంటూ నా కొంగు వదలనివాడు, ఈసారి గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. కోరుకున్న కాలేజీలో సీటు రాలేదు. ప్రాణస్నేహితుడు వేరే ఊరు వెళ్ళిపోయాడు. అన్నం పళ్ళెం ముందు కూడా వాడి కళ్ళు ఎక్కడో ఉండేవి. "ఎలా ఉన్నావురా?" అంటే "బాగున్నానత్తా" అనేవాడు, అంతే.

ఆ దేశంలో 2021లో తుపాకుల వల్ల పోయిన ప్రాణాలు 48,830. వాటిలో 26,328 ఒకరు చంపితే పోయినవి కావు. ఎవరి ప్రాణం వాళ్ళు తీసుకున్నవి. సగానికి పైనే! దొంగ వస్తాడేమోనని ఇంట్లో పెట్టుకున్నది, ఇంట్లోవాళ్ళకే దొంగైందన్నమాట.

మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతుండగా తమ్ముడితో అన్నాను. "ఒరే, కొన్నాళ్ళు దాన్ని ఇంట్లోంచి తీసెయ్యరా."

వాడి మొహం ఎర్రబడింది. "నా కొడుకుమీద నమ్మకం లేదా అక్కా నీకు? వాడలాంటివాడు కాడు. నేను పెంచానే వాణ్ణి!"

ఆ కోపం వెనక ఉన్నది భయమేనని నాకు తెలుసు. ఏ తల్లీ ఏ తండ్రీ ఆ ఆలోచనని పూర్తిగా అనుకోలేరు. నోటిదాకా రానిస్తే నిజమైపోతుందేమోనని గుటక వేస్తారు.

"ఆదివారం నువ్వు లోపలికి వేలు పెట్టి చూశావే, ఆ పిస్తోలుమీద నమ్మకం లేకా? నీమీద నీకు నమ్మకం లేకా? ఖాళీయేనని తెలిసి కూడా చూశావు. ఎందుకంటే ఒక్కసారి, ఒకే ఒక్కసారి తప్పయితే దిద్దుకోవడానికి ఉండదని. ఇనుము దగ్గర నీకున్న ఆ జాగ్రత్త పిల్లాడి దగ్గర ఉండొద్దా? వాడు బాగున్నానంటున్నాడు. మేగజైన్ తీసేసినట్టే ఉంది. లోపల ఒకటి ఉండిపోయిందేమో ఎవరు చూశారు?"

వాడు మాట్లాడలేదు. కాఫీ చల్లారిపోయింది.

"పాండవులంతటివాళ్ళు ఏడాదిపాటు ఒకరి ఇంట్లో బతకాల్సొస్తే ఆయుధాలు మూటకట్టి ఊరి బయట జమ్మిచెట్టు మీద పెట్టి వెళ్ళారు. అర్జునుడి మీద నమ్మకం లేకనా?" అన్నాను. మా ఇంట్లో భారతం చెబితే ఎవరూ ఎదురు చెప్పరు. అది నాన్నగారి నాటి అలవాటు.

ఆ సాయంత్రం వాడు కొన్న దుకాణానికే దాన్ని తీసుకెళ్ళి, కొన్నాళ్ళు భద్రపరచమని ఇచ్చి వచ్చాడు. ఖాళీ చేతులతో వచ్చి తిన్నగా కొడుకు గది తలుపు కొట్టాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రెండు గంటలు మాత్రం పట్టింది. బయటికి వచ్చాక మా మరదలుతో, "రేపు డాక్టరుతో మాట్లాడాలి, వాడూ వస్తానన్నాడు" అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ కళ్ళు మూసుకుని మందిరం వైపు తిరిగింది. ఈసారి ఎందుకో నాకు తెలుసు.

వాడు పిస్తోలు మీద ప్రేమ వదులుకోలేదు. నేను వదులుకోమనీ అనలేదు. జమ్మిచెట్టు దిగే రోజు ఎప్పుడో వాడే తేల్చుకుంటాడు. నాకు మిగిలింది ఒక అలవాటు. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే మేనల్లుడు ఇదివరకటిలాగే "బాగున్నానత్తా" అంటాడు. ఒకప్పుడైతే "సరే నాన్నా" అని పెట్టేసేదాన్ని. ఇప్పుడు పెట్టను. ఖాళీయే కదా అనుకోకుండా, కాసేపు అలాగే ఊరుకుంటాను. నాలుగైదు క్షణాలయ్యాక వాడు, "అత్తా... నీకు టైముందా?" అంటాడు.

స్టవ్ మీద పప్పు మాడితే మాడిందని, ఉందనే చెబుతాను.