వేషమునందు దోషమున్నదా?

మెట్టభూములలో జిల్లేడు పొదలపై ఒక మిడత కనబడును. నీలము, పసుపు వర్ణములతో ఒడలెల్ల చిత్రించినట్లుండి, పట్టపగలు నిర్భయముగా కూర్చుండును. జిల్లేటి విషము దాని దేహమందు నిలిచియుండును గనుక దానికి దాగవలసిన పని లేదు. దాని రంగులే పక్షులకు హెచ్చరిక. పడమటి కనుమల తడి అడవులలోనిది వేరొక తెగ. ఒడలికంటె పొడవైన మీసములు గల ఈ ఆకుమిడత రాత్రివేళ తిరుగును. పగలెల్ల ఆకులలో ఆకై యుండును. రెక్కలపై ఈనెలు సైతము తీర్చినట్లుండును. ఒకటి తన నిజమును చాటుచున్నది, వేరొకటి దాచుచున్నది.

దాచుట అసత్యమా? ఆకుమిడత తన వేషమును తాను ఎన్నుకొనలేదు. ఆ వేషముతో ఎవరిని వంచించి చంపుటయు లేదు. అయితే దాని బంధువులందరు ఇంత సాధువులు కారు. ఆస్ట్రేలియా ఖండమున పొడవు మీసముల మిడత యొకటి కలదు. మగచిమ్మట పాడగా ఆడచిమ్మట బదులు పలుకును గదా, ఆ పలుకునే ఇది అనుకరించి, దగ్గరకు వచ్చిన మగదానిని పట్టి తినును. ఈ సంగతిని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మారీచుని కంఠము తలపునకు రాక మానదు. అయినను పురుగునకు పాపమెక్కడిది? దానికున్నది ఆకలి మాత్రమే.

ఊర్ధ్వపుండ్రమును, తులసిపేరును ధరించిన మనుష్యునకు ఈ ప్రశ్న కఠినమగును. లోన భక్తి ఇంకను కుదురుకొనలేదని తనకు తెలిసినప్పుడు వాటిని తీసివేయుటయే నిజాయితీ యని కొందరందురు. అది తొందరపాటు మాట. తనకంటె పెద్దదగు గుర్తును ధరించి, దానికి తగినట్లు బ్రదుక యత్నించుట మోసము కానేరదు. ఆ గుర్తును నమ్మి చెంతకు వచ్చిన యాత్రికుని మూటపై కన్ను వేసిననాడు మాత్రము, అది చిమ్మటను పిలిచిన పిలుపే యగును.

రావణుడు సన్న్యాసి వేషముతోనే పర్ణశాల ముంగిట నిలిచెను. హనుమంతుడును రామలక్ష్మణులకడకు తన రూపముతో రాలేదు. సుగ్రీవుడు భయపడియున్నాడు, వచ్చినవారెవరో తెలియవలసియున్నది, అందుచే భిక్షురూపము దాల్చెను. మాట కలసి, మనసు కుదిరిన పిమ్మట ఆ రూపమును విడిచి, అన్నదమ్ములిరువురిని వీపుపై నెక్కించుకొని సుగ్రీవునికడకు గొనిపోయెను.