విద్యకు వెల యెంత?

వస్తువునకు వెల కట్టుట సులభము. బియ్యమునకు తూకమున్నది, గుడ్డకు గజమున్నది. ఇచ్చినవాడు పద్దు వ్రాసికొనును; పుచ్చుకొన్నవాడు సొమ్ము చెల్లించి పద్దు కొట్టివేయించుకొనును. అంతటితో ఇద్దరికిని లెక్క సరిపోవును. కాని ఒకరివద్ద నేర్చుకొన్న విద్య ఏ త్రాసులో తూగును? దాని బాకీ ఎవరికి చెల్లించిన తీరును? ఆస్ట్రేలియా నడిమి ఎడారిలో జరిగిన ఒక వృత్తాంతము ఈ ప్రశ్నకు కొంత వెలుగు చూపుచున్నది.

ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమునకు పడమర సుమారు 130 కిలోమీటర్ల దూరమున హెర్మన్స్‌బర్గ్ అను చిన్న ఊరు కలదు. 1877లో క్రైస్తవ మిషనువారు దానిని స్థాపించిరి. ఆ నేలకు చిరకాలముగా వారసులైన అరండ జాతిలో 1902లో ఆల్బర్ట్ నమట్జిరా జన్మించెను. అతడు వడ్రంగము చేసెను, ఒంటెలను తోలెను, కొయ్యపలకలపై కాల్చిన కమ్మితో బొమ్మలు దిద్ది అమ్మెను. 1934లో రెక్స్ బాటర్‌బీ, జాన్ గార్డ్‌నర్ అను ఇద్దరు చిత్రకారులు తమ నీటిరంగుల బొమ్మలను ఆ ఊర ప్రదర్శించిరి. తాను నిత్యము చూచు కొండలే కాగితముపై అట్లు వెలుగుట చూచి, ఆ విద్య తనకును కావలెనని నమట్జిరా కోరెను.

1936లో బాటర్‌బీ మరల వచ్చినప్పుడు ఇరువురికి ఒక ఒప్పందము కుదిరెను. నమట్జిరా ఒంటెలను తోలుచు దారి చూపవలెను. బాటర్‌బీ అతనికి రంగులు కలుపుట నేర్పవలెను. సుమారు రెండు నెలలు వారు ఆ కొండలలో తిరిగిరి. ఆరుబయలే పాఠశాల, ఎడారియే పాఠ్యగ్రంథము. ఇందు గురువెవరు, శిష్యుడెవరు? కుంచె తెలిసినవాడు ఒకడు, నేల తెలిసినవాడు మరియొకడు. ఇచ్చుటకు తనవద్ద ఏమియు లేదని ఇద్దరిలో ఎవడును తల వంచుకొనవలసిన పని లేకపోయెను.

నీటిరంగుల విద్యలో ఒక విశేషమున్నది. తైలవర్ణములలో పొరపాటు జరిగినచో పైన మరియొక పూత వేసి కప్పవచ్చును. ఇందు అది సాధ్యము కాదు. తెలుపు కావలసినచోట రంగు పూయరు, కాగితమును ముట్టక విడిచిపెట్టుదురు. ఆ ఎడారిలో తెల్లని మ్రానుగల యూకలిప్టస్ చెట్లు కలవు. ఎఱ్ఱకొండల నడుమ అట్టి చెట్టును చూపదలచినవాడు ఎచ్చట చేయి ఆపవలెనో ముందుగనే యెరిగియుండవలెను. పొడిగాలికి తడి త్వరగా ఆరిపోవును గనుక తడబాటుకు వ్యవధి లేదు. ఎంత పూయవలెనో కంటె ఎంత విడువవలెనో నేర్చుకొనుటయే కష్టము. ఈ మాట కుంచె పట్టినవానికే కాదు, త్రాసు పట్టినవానికిని చెల్లును.

1938లో మెల్బోర్న్ నగరమున నమట్జిరా తొలి ప్రదర్శనము జరిగెను. 41 చిత్రములును అమ్ముడుపోయెను. అతడు విద్యను దాచుకొనలేదు. కుమారులును బంధువులును కుంచె పట్టిరి; ఆ ఊరి పేరనే ఒక చిత్రసంప్రదాయము వెలసెను. గురువునకు ఋణము తీర్చుటకు ఇంతకంటె మంచి మార్గము లేదు. విద్య బాకీ వచ్చినచోటికి తిరిగి పోవునది కాదు, ముందునకు సాగునది.

అయితే చిత్రములు కొన్నవారి లెక్కయో? సరియైన సొమ్ము చెల్లించితిమి, ఇంకేమి బాకీ యని వారడుగవచ్చును. బొమ్మవరకు ఆ మాట న్యాయమే. 1954లో అతనికి ఎలిజబెత్ రాణి దర్శనమును లభించెను. కాని పశువుల మేతకు నేల కౌలుకడిగిన లేదనిరి; ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకొన జాగా యడిగినను లేదనిరి. 1957లో పూర్తి పౌరహక్కులు అతనికిని భార్యకును మాత్రమే కలిగెను, బంధువులకు లేదు. మరుసటి సంవత్సరమే తనవానికి మద్యమిచ్చినాడని ఆరు నెలల శిక్ష పడి, అప్పీలులో మూడు నెలలకు తగ్గెను. మద్యమును మెచ్చుకొనుట యుక్తము కాదు. అయినను, ఉన్నది తనవారితో పంచుకొనుటయే ధర్మమని పెరిగినవానికి ఒంటరి హక్కునిచ్చి, పంచుకొన్నందుకు శిక్షించుట న్యాయమా? 1959లో అతడు కన్నుమూసెను. అతని చిత్రముల ముద్రణహక్కును 1983లో ప్రభుత్వ ధర్మకర్త 8,500 డాలర్లకు అమ్మివేసెను. అది ఆ కుటుంబపు మేలుకై ఏర్పడిన ధర్మనిధికి తిరిగి చేరుటకు 2017 రావలసివచ్చెను.

కొన్నవారి పుస్తకములో అన్ని పద్దులును కొట్టివేయబడియే యున్నవి. అయినను బాకీ మిగిలెను. ఏలయన వారు చేతిపని వెల చెల్లించిరి గాని చేసినవానిని తమతో సమానునిగా ఎంచలేదు. ఎడారిలో ఒంటెల వెంట నడచిన ఆ ఇద్దరి ఒప్పందములో సొమ్ము ప్రసక్తి స్వల్పము, ఎదుటివాని యోగ్యతయందు గౌరవము మెండు. విద్యకు వెల యెంత యని అడుగువారు మొదట ఆ గౌరవమును చెల్లించి, పిదప తామెరిగినదానిని మరియొకరికి నేర్పవలెను. వేరు చెల్లింపు దానికి లేదు.