తీసేసిన దృశ్యం

"ఇది పిల్లలకి చూపించొచ్చా?" అని నన్ను అడిగేది ఎప్పుడూ తల్లులే. సాహిత్యం పాఠం చెబుతూ అప్పుడప్పుడూ సినిమాలు కూడా చూపించే మనిషిని కాబట్టి అడుగుతారు. ఇంతవరకూ ఒక్క తండ్రి కూడా అడగలేదు. హాల్లో ఆడే పెద్ద సినిమాకైతే సెన్సారు సర్టిఫికెట్టు ఉంటుంది. 2023లో చట్టం సవరించాక యు/ఎలోనే 7, 13, 16 ఏళ్ళని మెట్లు కూడా వచ్చాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాత ప్రయోగాత్మక లఘుచిత్రాల మీద చాలావాటికి అలాంటి అంకె ఏదీ కనిపించదు. ఆ అంకె వేసే పని అమ్మ మీద పడుతుంది. లెక్క తప్పితే వచ్చే నింద కూడా అమ్మకే.

నెత్తురుందా, ఒంటిమీద బట్టలున్నాయా, బూతులున్నాయా అని చూసే పద్ధతి ఇలాంటి చిత్రాల దగ్గర పనికిరాదు. 1943లో మాయా డెరెన్ తన భర్త అలెగ్జాండర్ హమీద్‌తో కలిసి తీసిన 'మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్'లో, ముఖం ఉండాల్సిన చోట అద్దం ఉన్న నల్లముసుగు ఆకారం ఒకటి నడిచి వెళుతుంది. అది ఎవరినీ కొట్టదు, తిట్టదు. కానీ పది ఫైటింగుల కన్నా అదే ఒక పిల్లకి రాత్రి నిద్ర లేకుండా చెయ్యగలదు. కథ ఉంటే భయానికి ఒక కారణం దొరుకుతుంది. ఇక్కడ ఆ ఊతం ఉండదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు కోసం నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన 'నైబర్స్'. ఎనిమిది నిమిషాల సినిమా. పక్కపక్క ఇళ్ళవాళ్ళిద్దరు పచ్చిక మీద కుర్చీలేసుకుని పేపరు చదువుకుంటుంటారు. ఇద్దరి మధ్యా ఒక పువ్వు మొలుస్తుంది. మొదట దాని వాసనకి ఇద్దరూ మైమరచిపోతారు. తర్వాత అది నాదంటే నాదని కంచె కట్టి, కొట్టుకుని, చస్తారు. బొమ్మల్ని కదిలించినట్టు మనుషుల్నే ఒక్కొక్క ఫ్రేము చొప్పున తీశారు కనక వాళ్ళు కాలు కదపకుండానే జారిపోతారు, గాల్లో తేలతారు. పిల్లలు పగలబడి నవ్వుతారు.

కొట్లాట ముదిరాక అట్టముక్కల్లాంటి ఇంటి గోడలు కూలి, వెనక చంటిబిడ్డతో ఉన్న ఆడమనిషి బయటపడుతుంది. ఆ తల్లీబిడ్డల్ని కూడా చంపేస్తారు. అమెరికా, యూరప్ ప్రేక్షకులకి మింగుడుపడదని ఈ దృశ్యాన్ని తీసేయించారు. సినిమాకి ఆస్కార్ వచ్చింది ఈ కత్తిరించిన రూపానికే. వియత్నాం యుద్ధకాలంలో అభిప్రాయాలు మారి, మళ్ళీ చేర్చమన్నారు. అప్పటికి అసలు నెగెటివ్ లేదు. నాణ్యత తగ్గిన ఒక ప్రింటులోంచి ఆ ముక్కని అతికించారు.

మగవాళ్ళిద్దరూ ఒకరినొకరు చంపుకోవడం ఎవరికీ అభ్యంతరం కాలేదు. అది హాస్యంగా, నీతిగా కూడా చెల్లుబాటైంది. తగ్గించి చూపించాల్సిన హింస అనిపించింది స్త్రీ మీదా, బిడ్డ మీదా జరిగినదే. ఆ దృశ్యం లేకపోతే యుద్ధమంటే ఇద్దరు మూర్ఖుల తగువు మాత్రమే, వాళ్ళు పోతే అయిపోతుంది. 'దెబ్బలాడుకోకండి' అని బళ్ళో చెప్పుకోవడానికి హాయిగా సరిపోతుంది. (అలాగని దృశ్యం తిరిగి చేర్చినంత మాత్రాన ఆ స్త్రీలకి న్యాయం జరగలేదు. వాళ్ళు తెరమీదకి రావడమే చావడానికి వస్తారు.)

నాకు తెలిసినవాళ్ళింట్లో పూర్తి సినిమా చూశాం. గోడ కూలేదాకా అందరూ నవ్వారు. తర్వాత కూడా ఒక పిల్లవాడు కాసేపు నవ్వి, పక్కవాళ్ళు ఆపేశారని చూసి ఆపాడు. తొమ్మిదేళ్ళ పాప అడిగింది: "ఆ ఆంటీకి అసలు పువ్వు సంగతి తెలుసా?" నా దగ్గర జవాబు లేదు. సినిమాలోనూ లేదు.

చూపించకూడదనేవాళ్ళ మాటలో పిల్లలింకా ఏమీ చూడలేదన్న నమ్మకం ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18–49 ఏళ్ళ మధ్య, పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో శారీరక, లైంగిక హింసలో ఏదో ఒకటైనా అనుభవించినవాళ్ళే. ఆ ఇళ్ళలో పిల్లలు కళ్ళు మూసుకుని పెరగరు. అలాంటి బిడ్డకి ఈ ఎనిమిది నిమిషాలు, తను చూసినదాని గురించి నోరు విప్పే మొదటి అవకాశం కావచ్చు. పచ్చిపుండు మీద వేలు పెట్టినట్టూ కావచ్చు. ఏదన్నది ఆ బిడ్డ తెలిసిన మనిషే చెప్పగలదు, ఏ బోర్డూ చెప్పలేదు.

అందుకే ముందు మీరొక్కరే చూడమంటాను. దెబ్బలు ఎన్నని కాదు, సినిమా మనల్ని ఎవరిని చూసి నవ్వమంటోందో, ఆ నవ్వు ఎక్కడైనా ఆగిందా అని చూడమంటాను. తర్వాత పిల్లల దగ్గర కనీసం మరో ఎనిమిది నిమిషాలు కూర్చునే తీరిక ఉండాలి. తండ్రి కూడా పక్కనుండాలని షరతు పెడతాను. చాలా ఇళ్ళలో సినిమా ఆ షరతు దగ్గరే ఆగిపోతోంది!

ఐదారేళ్ళ పిల్లలకి వద్దనే అంటాను. తొమ్మిదీ పదేళ్ళు వచ్చాక పూర్తి సినిమానే చూపించమంటాను. కత్తిరించినదే దొరికితే, ఇక్కడొక దృశ్యం ఉండేది, తీసేశారు అని ముందే చెప్పమంటాను. అందులో ఎవరుండేవాళ్ళని పిల్లలు అడుగుతారు.