ఓడిన గేము కాగితం

చిరంజీవి చిన్నూకి,

మీ అమ్మ ఫోన్ చేసింది. చెస్ టోర్నమెంటు నుంచి వచ్చి, ఎదుటివాడికి అదృష్టం కలిసొచ్చిందన్నావట. స్కోర్‌షీట్ చించి చెత్తబుట్టలో వేశావట. ఓడినందుకు నాకేం బాధ లేదురా, ఆ కాగితం పోయినందుకే.

మీ తాతయ్య రాత్రి మిల్లు కట్టేశాక చిట్టా రాయందే భోజనానికి లేచేవాడు కాదు. లాభమొచ్చిన రోజు గబగబా రాసేసేవాడు. నష్టమొచ్చిన రోజు దీపం దగ్గరకు లాక్కుని కూర్చునేవాడు. ఆయన పోయాక ఆ మిల్లు చేతులు మారిన సంగతి నీకు తెలుసు. కరెంటు కోతలంటాడు చిన్నమామయ్య, ధాన్యం రేటంటుంది అత్తయ్య. చిట్టాలు ఇప్పటికీ అటక మీదున్నాయి. ఆఖరి రెండేళ్లవి తెల్లకాగితాలే. సరే, ఆ మాట వదిలెయ్.

మా రోజుల్లో గుడివాడలో చెస్ పుస్తకం కావాలంటే బెజవాడ బస్సెక్కాల్సిందే. ఇంగ్లీషు పుస్తకాల్లో ఎత్తులు ‘పీ-కే4’ అని పాత పద్ధతిలో ఉండేవి. అరుగు మీద బోర్డు పెట్టుకుని, అది ఏ బంటో తేల్చుకునేసరికే పొద్దు వాలేది. ప్రపంచ ఛాంపియన్ బోట్విన్నిక్ నాకు అలా పరిచయం. 1960లో తాల్ చేతిలో ప్రపంచ కిరీటం పోగొట్టుకున్నాడు. కుర్రాడి మాయాజాలమని సరిపెట్టుకోలేదు, ఆ గేములే ముందేసుకున్నాడు. మరుసటేడు, యాభైకి దగ్గరపడిన వయసులో, 13–8తో తిరిగి గెలిచాడు. ఎవరి గేములకు వాళ్లే విశ్లేషణ రాసి అచ్చు వేయించాలనేవాడు. మనకు మనం చెప్పుకునే అబద్ధాలు పదిమంది ముందు నిలవవు కదా!

మీకిప్పుడు ఆ కష్టం లేదు. గేము ముగిసిన మరుక్షణం ఇంజిన్ ఎర్రగుర్తు పెట్టేస్తుంది. మీరు ‘అవునా’ అనుకుని ఇంకో నిమిషం గేముకు నొక్కుతారు, అర్ధరాత్రి దాకా అదే. ఏనుగు పోయిందని ఇంజిన్ చెబుతుంది. పోగొట్టేటప్పుడు నీ బుర్రలో ఏముందో దానికేం తెలుసు? ఎదుటివాడి ఎత్తు చూడనే లేదా? చూసీ లెక్క తప్పావా? గెలిచేశాననుకుని తొందరపడ్డావా? మూడింటికీ చేయాల్సిన సాధన వేరు.

ఇక చెప్పింది చెయ్యి. నోటుపుస్తకం కొనుక్కో. ఆడేటప్పుడు స్కోర్‌షీట్‌లో ఎత్తు పక్కనే గడియారంలో మిగిలిన టైమ్ రాయి. హాలు బయట నిన్ను ఓడించినవాణ్ణే అడుగు, ఎక్కడ పట్టు దొరికిందో చెబుతాడు. ఆ రాత్రే, ఇంజిన్ తెరవకముందు, పావులు పేర్చి గేమంతా మళ్లీ వెయ్యి. ఎక్కడ ఎక్కువసేపు ఆగావో, అక్కడ ఏమనుకున్నావో తెలుగులో రాయి. ఇంజిన్ చెప్పింది చివర్లో ఎర్రసిరాతో రాసుకో. పది గేములయ్యాక చూడు, ఒకే రకం తప్పు మళ్లీమళ్లీ కనబడుతుంది. నెలరోజులు దాని మీదే కూర్చో. ఓపెనింగ్ వీడియోలు అందాకా కట్టిపెట్టు.

చించిన గేము గుర్తున్నంతవరకు ఇవాళే రాసెయ్. వచ్చే టోర్నమెంటు ఎంట్రీ ఫీజు నేను కడతాను, నోటుపుస్తకం ఫొటోలు వచ్చాకే. గెలిచిన గేములు నాకు పంపకు, మీ అమ్మకు చూపించుకో.

ఇట్లు,
పెద్దమామయ్య